ఎగిరే ప్రాణులు: పాఠం చెప్పేముందు టీచర్లకు కొన్ని మాటలు

మూడో స్థాయి పుస్తకంలో ‘ఎగిరే ప్రాణులు’ పాఠం ఒకటిన్నర పేజీ మాత్రమే ఉంది. పిచ్చుక, సీతాకోకచిలుక, తూనీగ, గబ్బిలం బొమ్మలు, వాటి కింద పేర్లు, చివర ఖాళీలు పూరించే అభ్యాసం. మీ ముందు కూర్చునేది తొమ్మిది, పదేళ్ళ పిల్లలు. ఆ పేర్లు పది నిమిషాల్లో చదివేస్తారు. తర్వాత ఎవరో ఒకరు చెయ్యెత్తి, గబ్బిలం పక్షి కాదు కదా, మరి ఎలా ఎగురుతుందని ఇంగ్లీషులో అడుగుతారు. మనమూ ఇంగ్లీషులోనే జవాబు చెప్పేస్తాం. ఆ రోజుకి తెలుగు అక్కడితో అయిపోతుంది.

దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దని నా మనవి. ఏ భాష దేనికి పనికొస్తుందో పిల్లలు ఈ వయసులోనే లోలోపల తేల్చేసుకుంటారు. తెలుగు అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడ్డానికి, పద్యం అప్పచెప్పడానికి, ఉగాదికి స్టేజి ఎక్కడానికి. బుర్ర పెట్టి ఆలోచించాల్సినవన్నీ ఇంగ్లీషువి. ఒకసారి ఆ గీత గీసుకున్నాక దాన్ని చెరపడం చాలా కష్టం. ఎగరడం గురించి మాట్లాడుకోవడానికి తెలుగులో మాటలకి కొదవ లేదు, వాటిని తరగతిలోకి తెచ్చుకోవాలి, అంతే. కింద రాసిందంతా పిల్లలకి చెప్పమని కాదు. విషయం మీ చేతిలో ఉంటే, ప్రశ్న ఎటు తిరిగినా మీరు తెలుగులోనే నిలబడగలరు.

రెక్క అనే మాటతో మొదలుపెట్టండి

బోర్డు మీద ‘రెక్క’ అని రాయండి. పక్షికి ఏముంటాయంటే అందరూ రెక్కలంటారు. మరి మనిషికి? లేవంటారు. అప్పుడు ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ అన్న సామెత చెప్పండి. రెక్కల కష్టం అంటే ఏమిటో, ‘రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు’ అంటే ఏం పట్టుకున్నట్టో అడగండి. మన ఊళ్ళలో చేతిని రెక్క అనే అంటారు. పక్షి రెక్కకీ మనిషి చేతికీ తెలుగు ఒకే పేరు పెట్టుకుంది. ఎముకలు విప్పి చూసినవాళ్ళు చెప్పేదీ అదే.

పిల్లల్ని తమ కుడి చెయ్యి తడుముకోమనండి. భుజం నుంచి మోచేతి దాకా ఒకే ఎముక. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు. మణికట్టులో గులకరాళ్ళ లాంటి చిన్న చిన్న ఎముకలు. ఆపైన అరచెయ్యి, ఐదు వేళ్ళు. ఇప్పుడు చికెన్ వింగ్స్ గుర్తు చెయ్యండి. ఆ ముక్కల పేర్లు ఇక్కడి పిల్లలకి మనకంటే బాగా తెలుసు. డ్రమెట్‌లో ఒకే ఎముక ఉంటుంది, అది దండచెయ్యి. ఫ్లాట్‌లో ఒకటి సన్నం, ఒకటి లావు, రెండు ఎముకలు, అది ముంజెయ్యి. చివర తినకుండా పారేసే కొన ఉందే, అది మణికట్టు, అరచెయ్యి, వేళ్ళు కలిసి అతుక్కుపోయిన ముక్క. దాని పక్కన చిన్న కొమ్ములా పొడుచుకొచ్చినది బొటనవేలు లాంటిది. (శాకాహారం ఇళ్ళ పిల్లలు తప్పకుండా ఉంటారు. అసలు ముక్క తరగతికి తేవద్దు, బోర్డు మీద బొమ్మ వేస్తే చాలు.)

ఈ ఒక్క చేతిని మూడు జాతులు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, మూడు రకాలుగా రెక్క చేసుకున్నాయి. పాఠంలో పిల్లలు ఇంటికి తీసుకెళ్ళాల్సిన సంగతి ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

మొదటిది టెరోసార్లు. డైనోసార్ల కాలంలో ఎగిరిన ఈ సరీసృపాలను పిల్లలు డైనోసార్లనే అంటారు. కావు, వాటికి దాయాదులు. సుమారు 22 కోట్ల ఏళ్ళ కిందటి రాళ్ళలోనే వీటి శిలాజాలు ఉన్నాయి, 6.6 కోట్ల ఏళ్ళ కిందట అంతరించిపోయాయి. వీటి రెక్క అంతా ఒక్క వేలి మీద నిలిచింది. అది నాలుగో వేలు, అంటే మనం ఉంగరం పెట్టుకునేది. ఆ వేలు శరీరమంత పొడవు పెరిగి, దాని నుంచి ఒంటి దాకా చర్మపు పొర సాగింది. మిగతా మూడు వేళ్ళూ మామూలు గోళ్ళతో అలాగే ఉండిపోయాయి. వీటిలో అతి పెద్దవాటిలో ఒకటైన క్వెట్‌జల్‌కోట్లస్ ఎముకలు 1971లో మన టెక్సస్‌లోనే, బిగ్ బెండ్ నేషనల్ పార్కులో, డగ్లస్ లాసన్ అనే విద్యార్థికి దొరికాయి. రెక్కలు చాపితే కొన నుంచి కొనకి 10 మీటర్లు. పిల్లలు నమ్మకపోతే కారిడార్‌లో టేపు పెట్టి కొలిపించండి.

రెండోది పక్షి. 15 కోట్ల ఏళ్ళ కిందటికే ఉంది. దీనిది పూర్తిగా వేరే పద్ధతి. వేళ్ళు పొడవు పెంచుకునే బదులు కుదించి, అతికించి, గట్టి కర్రలా చేసుకుంది. రెక్క వైశాల్యమంతా ఈకలే. చేతి కొనకి అతికిన పొడవాటి ఈకలు ముందుకు తోస్తాయి, ముంజేతికి అతికినవి ఎక్కువగా బరువు మోస్తాయి. ఒక ఈక ఊడినా రెక్క పాడవదు, కొత్తది మొలుస్తుంది. కాళ్ళతో రెక్కకి పని లేదు కాబట్టి అవి నడవడానికి, ఈదడానికి, వేటాడడానికి ఖాళీగా మిగిలాయి. బాతు, గద్ద, కొంగ కాళ్ళు అంత తేడాగా ఉండగలిగింది అందుకే.

మూడోది గబ్బిలం. దీని అత్యంత పాత అస్థిపంజరాలు సుమారు 5.2 కోట్ల ఏళ్ళ నాటివి. బొటనవేలు విడిగా, పట్టుకుని పాకడానికి. మిగతా నాలుగు వేళ్ళూ గొడుగు కమ్ముల్లా పొడవుగా సాగి, వాటి మధ్య పల్చటి చర్మం. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘కైరోప్టెరా’కి గ్రీకులో చెయ్యి-రెక్క అనే అర్థం. ఇన్ని కీళ్ళుండడం వల్ల గబ్బిలం ఎగురుతూనే రెక్క ఆకారాన్ని క్షణక్షణం మార్చుకుంటుంది. చిన్న చోట్లో గిరుక్కున తిరగడంలో దానికి సాటి వచ్చే పక్షులు తక్కువ. అయితే చర్మం వెనక కాళ్ళ దాకా అతుక్కుని ఉంటుంది కాబట్టి కాళ్ళకి స్వేచ్ఛ పోయింది. తలకిందులుగా వేలాడడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది: పట్టు వదిలితే చాలు, కిందికి పడుతూ ఎగరడం మొదలుపెట్టొచ్చు. వేలాడుతున్నంతసేపూ బలం పెట్టక్కర్లేదు, ఒంటి బరువుకే కాలివేళ్ళ నరాలు బిగుసుకుని తాళం పడిపోతాయి.

ఇక తూనీగ, సీతాకోకచిలుక, దోమ. వీటి రెక్కకి మన మాట సరిపోదు. పురుగుకి ఆరు కాళ్ళూ కాళ్ళుగానే ఉన్నాయి, రెక్కలు అదనం. వాటిలో ఎముక లేదు, కండ లేదు. ఒంటి పైపెంకు నుంచి వచ్చిన పల్చటి రేకు, లోపల సన్నటి నాళాల జల్లెడ. అందరికంటే ముందు ఎగిరింది పురుగులే. 30 కోట్ల ఏళ్ళకి ముందే, ఆకాశంలో ఇంకే జంతువూ లేని రోజుల్లో, అవి రాజ్యమేలాయి. తూనీగకి బంధువులైన కొన్నిటికి రెక్కల విస్తీర్ణం 70 సెంటీమీటర్ల దాకా ఉండేది. కోతి చేతుల చొక్కా తొడుక్కున్న పిల్లవాడు రెండు చేతులూ చాపితే ఇంచుమించు ఆ రెండు మోచేతుల మధ్య దూరం.

గాలి మీద ఎలా నిలుస్తుంది

ఇక్కడ చాలా పుస్తకాలు ఒక తప్పు కథ చెప్తాయి. రెక్క పైభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది, పైనుంచి పోయే గాలికి దూరం ఎక్కువ, కింది గాలిని అవతలి అంచు దగ్గర కలుసుకోవాలి కాబట్టి అది వేగంగా పోతుంది అని. ఒకేసారి విడిపోయిన గాలి ఒకేసారి కలుసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. గాలి సొరంగంలో పొగ వదిలి చూస్తే పైనుంచి పోయిన గాలి ముందే వెళ్ళిపోతుంది, కింది గాలి కోసం ఆగదు. పైన గాలి వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ అన్నది నిజమే. దానికి చెప్పిన కారణమే తప్పు. ఆ కథ నిజమైతే విమానాలు తలకిందులుగా ఎగరలేవు, ఎయిర్‌షోల్లో ఎగురుతూనే ఉన్నాయి.

పిల్లలకి చెప్పడానికి తేలికైనది, సరైనది ఇది: రెక్క గాలిని కిందికి మళ్ళిస్తుంది, గాలి రెక్కని పైకి తోస్తుంది. న్యూటన్ మూడో సూత్రం. తరగతిలో ఒక టేబుల్ ఫ్యాన్, ఒక అట్ట ఉంటే చాలు. అట్టని ఫ్యాన్ ముందు బల్లపరుపుగా పట్టుకోమనండి, పెద్దగా ఏమీ అనిపించదు. ముందంచు కొంచెం పైకెత్తమనండి, అట్ట పైకి లేస్తుంది. ఇంకా ఎత్తమనండి, పైకి లేవడం తగ్గి వెనక్కి తోస్తుంది. వాలు కొద్దిగా ఉన్నంతవరకూ గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పోతుంది. మరీ ఎక్కువైతే ఊడిపోయి సుడులు తిరుగుతుంది, మోసే బలం పడిపోతుంది.

పైకెత్తేది, కిందికి లాగేది, ముందుకు తోసేది, వెనక్కి పట్టేది. ఈ నాలుగు బలాలకీ ఇంత తేలిక మాటలు చాలు. పాఠ్యపుస్తకాల సంస్కృత పదాలు పదో స్థాయికి ఉంచుకోవచ్చు, ఇప్పుడు వాటి బరువుకి పిల్లలు లేవరు.

వాలు అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నేల వాలుగా ఉందంటాం, పక్షి కొమ్మ మీద వాలిందనీ అంటాం. పక్షి దిగేటప్పుడు గమనించమనండి. ఒంటిని నిలువుగా లేపి, రెక్కల్ని గాలికి బాగా ఏటవాలుగా పెట్టి వేగం చంపుకుంటుంది. అప్పుడే గాలి ఊడిపోయే ప్రమాదం ఉంది. సరిగ్గా ఆ సమయంలో ఇందాక చెప్పిన ఆ బొటనవేలి మీది చిన్న ఈకల గుత్తి పైకి లేచి, గాలిని రెక్కకి అంటిపెట్టి ఉంచుతుంది. విమానం దిగేటప్పుడు రెక్క ముందంచున పలకలు ముందుకు జారడం కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు చూసే ఉంటారు. ఆ రెండూ ఒకే పని చేస్తాయి.

రెక్క ఆడించకుండా చక్కర్లు కొట్టేవి కూడా ఉన్నాయి. ఊళ్ళో మధ్యాహ్నం పూట గద్దలు, ఇక్కడ ఫ్రీవే మీద టర్కీ వల్చర్లు. ఎండకి కాలిన నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ గాలి దొంతరలోనే గుండ్రంగా తిరుగుతూ ఉంటే, అది పైకి పోయే వేగం పక్షి కిందికి జారే వేగం కంటే ఎక్కువ, కాబట్టి ఊరికే పైకి చేరిపోతుంది. తెల్లవారుజామున ఇవి ఎందుకు కనబడవని అడగండి. జవాబు వాళ్ళే చెప్తారు.

కోడి ఛాతీలో గిలక

రెక్క కిందికి కొట్టడానికి ఛాతీ కండ ఉంది, సరే. మరి పైకి ఎత్తేది ఏది? మనమైతే చెయ్యి ఎత్తే కండ భుజం మీద, పైన ఉంటుంది. పక్షికి పైన బరువు పెడితే గాలిలో తలకిందులయ్యే గొడవ. అందుకని ఎత్తే కండని కూడా ఛాతీలోనే, పెద్ద కండ కింద దాచుకుంది. దాని నుంచి ఒక గట్టి నరం బయల్దేరి, భుజం ఎముకల మధ్య ఉన్న కంత గుండా పైకి పోయి, దండచేతి ఎముకకి పైనుంచి తగులుకుంటుంది. బావి గిలక మీది చేంతాడు ఎలాగో అలా. మనం తాడు కిందికి లాగితే బొక్కెన పైకి వస్తుంది. కండ కిందికి గుంజితే రెక్క పైకి లేస్తుంది. చికెన్ టెండర్ అని పిల్లలు ఇష్టంగా తినేది ఈ ఎత్తే కండే. గిలక చూడని పిల్లలకి జెండా కర్ర చూపించండి, వాళ్ళ స్కూలు ముందే ఉంటుంది.

కోడి ఛాతీ తెల్లగా, తొడలు ముదురుగా ఎందుకుంటాయన్నది దీనికి తోడు ప్రశ్న. కోడి రోజంతా నడుస్తుంది, ప్రమాదం వస్తే మాత్రం ఒక్కసారి రెక్కలు టపటపలాడించి గోడెక్కుతుంది. కాసేపటికే అలిసిపోయే కండ తెల్లగా ఉంటుంది. గంటల తరబడి పనిచేసే కండకి ప్రాణవాయువు నిలవ చేసుకునే ఎర్రటి పదార్థం కావాలి. వందల మైళ్ళు వలసపోయే బాతుకి ఛాతీయే ముదురు రంగు.

రెక్క ఆడించడం అంటే పైకీ కిందికీ కొట్టడం అనుకుంటాం. నెమ్మదిగా తీసిన వీడియో చూపిస్తే కొట్టేటప్పుడు రెక్క కిందికీ ముందుకీ పోతూ మెలి తిరగడం కనబడుతుంది. ఆ మెలిక వల్లే పైకెత్తే బలం, ముందుకు తోసే బలం రెండూ ఒకే దెబ్బలో వస్తాయి. లేపేటప్పుడు చాలా పక్షులు రెక్కని మణికట్టు దగ్గర మడిచి దగ్గరికి లాక్కుంటాయి, గాలి అడ్డుపడకుండా. హమ్మింగ్‌బర్డ్ అలా మడవదు. రెక్కని భుజం దగ్గరే తిప్పి, వెనక్కి పోయేటప్పుడు కూడా గాలిని తోస్తుంది, అందుకే ఒకే చోట నిలబడగలదు. టెక్సస్ మీదుగా వచ్చే ఎర్రకంఠం రకం సెకనుకి సుమారు 50 సార్లు రెక్కలాడిస్తుంది. తాతయ్యలు, అమ్మమ్మలు వచ్చినప్పుడు దీన్ని చూసి ‘తేనెపిట్ట’ అంటారు. మన తేనెపిట్ట వేరే కుటుంబం, హమ్మింగ్‌బర్డ్ రెండు అమెరికాల్లో తప్ప ఇంకెక్కడా లేదు. పూలలో తేనె తాగే పని రెండిటికీ ఒకటే కావడంతో ముక్కులు, రంగులు ఒకేలా తయారయ్యాయి. దాన్ని తప్పని దిద్దకుండా, ఎందుకు ఒకేలా ఉన్నాయో పిల్లల చేత చెప్పిస్తే బాగుంటుంది.

బరువు లెక్క

ఏనుగు ఎందుకు ఎగరలేదని ఏదో ఒక ఏడాది తప్పకుండా అడుగుతారు. చక్కెర బిళ్ళలో, లెగో ముక్కలో ఇవ్వండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెండింతలు చేస్తే పైతలం నాలుగింతలవుతుంది, లోపలి సరుకు ఎనిమిదింతలు. రెక్క పనిచేసేది వైశాల్యంతో, మోయాల్సింది బరువుని. ఒళ్ళు పెరిగేకొద్దీ బరువు రెక్కని దాటిపోతుంది. అందుకే ఇప్పుడు బతికున్న ఎగిరే పక్షుల్లో బాగా బరువైనవి 15 నుంచి 20 కిలోల దగ్గరే ఆగిపోయాయి. క్వెట్‌జల్‌కోట్లస్ 200 కిలోల పైన ఉండేదని చాలామంది లెక్క. అంత బరువు ఎలా లేచిందన్నదానికి ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే జవాబు, అది పక్షిలా కాళ్ళ మీద గెంతలేదు, నాలుగు కాళ్ళ మీద నడుస్తూ ముందు చేతులతోనే నేలని తన్ని లేచిందని. రెక్కలాడించే కండలే లేచేటప్పుడు కూడా సాయం చేశాయన్నమాట. రక్తం తాగే గబ్బిలాలు ఈనాటికీ నేల మీద నుంచి అలాగే లేస్తాయి.

ఈ బరువు లెక్కకి మన దగ్గర ఒక బాధాకరమైన ఉదాహరణ ఉంది. కర్నూలు వైపు నుంచి వచ్చిన కుటుంబాలకి బట్టమేక పిట్ట పేరు తెలిసి ఉండొచ్చు. మగది 15 కిలోల దాకా తూగుతుంది, ఎగరగలిగే పక్షుల్లో అతి బరువైనవాటిలో ఒకటి. దాని కోసమే 1988లో రోళ్ళపాడులో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడ అది దాదాపు కనిపించడం లేదు. దేశం మొత్తం మీద మిగిలినవి 200 లోపే, ఎక్కువగా రాజస్థాన్‌లో. పచ్చికబయళ్ళు పోవడం, వేట పాత కారణాలు. ఇప్పుడు పెద్ద గండం కరెంటు తీగలు. కళ్ళు తలకి రెండు పక్కలా ఉండడంతో ఎదురుగా ఉన్నది దానికి సరిగా ఆనదు. దగ్గరికొచ్చాక తీగ కనబడినా, అంత బరువుతో వేగంగా పోతున్న పక్షి చప్పున పక్కకి తిరగలేదు. పిచ్చుక అయితే తుర్రుమని తప్పుకునేది. ఈ సంగతి పిల్లలకి చెప్పండి. బలం, బరువు, వేగం అనే మాటలు లెక్కల్లోంచి బయటికొచ్చి ఒక పిట్ట ప్రాణం మీదికి ఎలా వస్తాయో వాళ్ళు అర్థం చేసుకోగలరు.

చిన్న ప్రాణులకి బరువు సమస్య కాదు, గాలే చిక్కగా తోస్తుంది. తుమ్మెద ఎగరలేదని సైన్స్ రుజువు చేసిందన్న మాట మీ పిల్లలు వినే ఉంటారు, ‘బీ మూవీ’ మొదలయ్యేదే దానితో. కదలని రెక్కకి వేసే లెక్కని తుమ్మెదకి వేస్తే వచ్చిన చిక్కు అది. పురుగు రెక్క కదలకుండా ఉండదు, ముందుకీ వెనక్కీ ఊడుస్తూ ప్రతి కొసనా తిరగబడుతుంది. అలా ఊడ్చేటప్పుడు ముందంచు పొడవునా ఒక గాలి సుడి పుట్టి రెక్కకి అంటుకుని ఉంటుంది, దానివల్ల పైకెత్తే బలం బాగా పెరుగుతుంది. 1996లో కేంబ్రిడ్జిలో చార్లెస్ ఎల్లింగ్టన్ బృందం పొగ సాయంతో ఈ సుడిని కళ్ళకి కనబడేలా చూపించింది.

పురుగులు రెక్కలాడించే తీరు కూడా రెండు రకాలు. తూనీగకి కండలు నేరుగా రెక్క మొదట్లో తగులుకుని ఉంటాయి, నాలుగు రెక్కల్నీ విడివిడిగా నడుపుకోగలదు. ఈగ, తేనెటీగ కండలు రెక్కని ముట్టుకోవు. మొండెం పెంకుని నొక్కి వదులుతుంటాయి, ఆ పెంకు డొప్పలా లోపలికీ బయటికీ ఊగితే రెక్కలు వాటంతటవే ఆడతాయి. అందుకే సెకనుకి 200 సార్లు సాధ్యమైంది. చెవి దగ్గర మనం వినే ‘ఝుం’ ఆ లెక్కే. దోమది ఇంకా ఎక్కువ, అందుకే సన్నటి గొంతు. ఈగకి వెనక రెక్కలు పోయి వాటి చోట చిన్న గుండ్ల లాంటివి మిగిలాయి, ఒళ్ళు ఎటు తిరుగుతోందో అవి చెప్తాయి. చేత్తో ఈగని కొట్టడం కష్టం కావడానికి అదొక కారణం.

వానాకాలంలో మన ఊళ్ళలో గుంపులుగా తిరిగే పసుపు తూనీగలు కూడా పాఠంలోకి తెచ్చుకోవాల్సినవే. అవి భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకి పోతాయని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు 2009లో రాశారు. గాలివాటు చూసుకుని, ఎక్కువభాగం తేలుతూ పోతాయి. వేలెడంత పురుగు.

ఎగరడం ఎలా మొదలైంది

సగం రెక్క దేనికి పనికొస్తుంది? పరిణామం గురించి పెద్దవాళ్ళు కూడా అడిగే ప్రశ్న ఇది. పక్షుల విషయంలో జవాబు చాలావరకు దొరికింది: ఈకలు ఎగరడం కోసం పుట్టలేదు. 1996లో చైనాలోని లియావోనింగ్‌లో దొరికిన సైనోసారోటెరిక్స్ అనే చిన్న డైనోసార్ ఒంటి నిండా నూగు ఉంది, రెక్కలు మాత్రం లేవు. వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకున్న బుడిపెలు 2007లో గుర్తించారు. సినిమాల్లో బోడిగా చూపించే ఆ జంతువుకి చేతుల నిండా ఈకలుండేవి, అయినా ఎగరలేదు. మొదట వెచ్చదనానికి, జతని ఆకర్షించడానికి, గుడ్లు కప్పడానికి పనికొచ్చి ఉంటాయి. నెమలి ఈకలు మన ఇళ్ళలో ఉంటాయి కదా, అవి తెచ్చి చూపించండి. పుస్తకంలో పెడితే పిల్లలు పెడుతుందని మనం దాచుకున్న ఆ ఈక ఎగరడానికి పైసా ఉపయోగం లేదు, చూపించుకోవడానికే. పార్కుల్లో పడి ఉన్న పక్షి ఈకలు మాత్రం ఏరుకు రమ్మని పిల్లలకి చెప్పకండి. 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం ఈ దేశంలో చాలా అడవి పక్షుల ఈకలు దగ్గర పెట్టుకోకూడదు. కోడి ఈక, నెమలి ఈక పరవాలేదు.

డార్విన్ పుస్తకం వచ్చిన రెండేళ్ళకి, 1861లో, జర్మనీలో ఆర్కియోటెరిక్స్ శిలాజం బయటపడింది. నోట్లో పళ్ళు, పొడవాటి ఎముకల తోక, చేతికి గోళ్ళు. దాని ఈకల్లో ఈనెకి ఒకవైపు సన్నం, ఒకవైపు వెడల్పు, అచ్చం ఇప్పటి ఎగిరే పక్షులకి ఉన్నట్టే.

మరి మొదటి ఎగురు ఎక్కడి నుంచి? చెట్టు మీద నుంచి కిందికి జారుతూనా, నేల మీద పరిగెత్తుతూ పైకి గెంతుతూనా? ఇక్కడ తెలుగు మీకు మళ్ళీ కలిసొస్తుంది. ఎగురు అంటే గాలిలో పోవడమూ ఔను, గెంతడమూ ఔను. ‘సంతోషంతో ఎగిరి గంతేశాడు’ అంటాం. రెండు అర్థాలూ బోర్డు మీద రాసి, ఒకదాని నుంచి ఇంకోటి ఎలా వచ్చి ఉంటుందో ఊహించమనండి.

తర్వాత చకోరం సంగతి చెప్పండి. వెన్నెల తాగి బతుకుతుందని కవులు చెప్పిన పక్షి. దాన్నే ఇంగ్లీషులో చుకర్ అంటారు, ఆ పేరు వచ్చింది మన చకోరం నుంచే. వేట కోసం దాన్ని అమెరికాకి తెచ్చి వదిలారు. మోంటానా విశ్వవిద్యాలయంలో కెన్నెత్ డయల్ ఈ చకోరం పిల్లల్ని పెంచి, 2003లో ఒక కొత్త సంగతి బయటపెట్టారు. ఇంకా ఎగరడం రాని పిల్లలు ఏటవాలు పలక ఎక్కాల్సి వస్తే చిట్టి రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తుతాయి. ఆ దెబ్బ వాటిని పైకి లేపదు, పలకకేసి అదుముతుంది, కాలికి పట్టు దొరుకుతుంది. ఈకలు కత్తిరిస్తే అంత నిటారు ఎక్కలేవు. పెద్దవయ్యాక నిట్టనిలువు గోడనే ఎక్కేస్తాయి. సగం రెక్కకి ఒక నిజమైన పని దొరికింది. డైనోసార్లు ఇలాగే మొదలుపెట్టాయా అన్నది వేరే ప్రశ్న, దాని మీద వాదన నడుస్తోంది. లియావోనింగ్‌లోనే దొరికిన మైక్రోరాప్టర్‌కి కాళ్ళకీ పొడవాటి ఈకలున్నాయి, నాలుగు రెక్కలన్నమాట. దాన్ని చూస్తే చెట్టు మీద నుంచి జారే కథకి బలం వస్తుంది.

గబ్బిలం కథ ఇంకా మసకగానే ఉంది, సగం గబ్బిలం శిలాజం ఇంతవరకూ దొరకలేదు. 2008లో వర్ణించిన వయోమింగ్ గబ్బిలానికి ఐదు వేళ్ళకీ గోళ్ళున్నాయి, రెక్కలు పూర్తిగా ఉన్నాయి. చెవి ఎముకలు చూసి, అది ఎగరగలిగేది కాని అరుపుల ప్రతిధ్వనితో దారి వెతుక్కోలేదని వర్ణించినవాళ్ళు అన్నారు, కాదన్నవాళ్ళూ ఉన్నారు. పురుగు రెక్క పుట్టుక మీద రెండు వాదాలు: వీపు పెంకు అంచు సాగిందని ఒకటి, కాలి మొదటి ముక్క పైకి జరిగిందని ఒకటి. రెండూ కలిసే రెక్కయిందనేవాళ్ళు ఇప్పుడు పెరుగుతున్నారు.

తరగతి గదిలో

ఒక గంటలో ఇదంతా పట్టదు. రెక్క తడుముకోవడం, ఫ్యాన్ ముందు అట్ట, చకోరం, ఈ మూడూ అయితే చాలు. మిగిలింది ప్రశ్నలు వచ్చినప్పుడు వాడుకోండి. చప్పుడు మాటలు మాత్రం వదలకండి: పావురం టపటప, పిచ్చుక తుర్రు, గద్ద రివ్వు, తుమ్మెద ఝుం. ఏ చప్పుడు ఏ రకం రెక్కదో కళ్ళు మూసుకుని చెప్పే ఆట పెడితే, రెక్క పరిమాణానికీ వేగానికీ సంబంధం వాళ్ళకే పట్టుబడుతుంది.

పిల్లలు తెలుగు వాక్యం మధ్యలో ఇంగ్లీషు మాట వేస్తే ఆపకండి. ‘గబ్బిలం వింగ్‌లో బోన్స్ ఫింగర్స్‌వి’ అన్న పిల్ల విషయం పట్టుకుంది. ‘ఔను, గబ్బిలం రెక్కలో ఉన్నవి వేళ్ళ ఎముకలు’ అని మీరు తిరిగి అనండి, ఇంకో పిల్లవాణ్ణి ఏ వేలో అడగండి.

ఆస్టిన్ దగ్గరున్న తరగతులు కాంగ్రెస్ ఎవెన్యూ వంతెన దగ్గరికి ఒక సాయంత్రం వెళ్ళొచ్చు. మార్చి నుంచి అక్టోబరు దాకా అక్కడ గబ్బిలాలుంటాయి, నిండుగా ఉన్న రోజుల్లో 15 లక్షల దాకా. పొద్దుగూకే వేళకి అరగంట ముందు చేరుకోండి. తల్లిదండ్రుల్ని కూడా రమ్మనండి, అవి వంతెన కింద నుంచి ఎలా వదులుకుని పడతాయో, ఎంత దూరం పడ్డాక రెక్క విప్పుతాయో పిల్లల చేత వాళ్ళకి తెలుగులో చెప్పించండి. దుర్భిణి ఉంటే తెచ్చుకోండి. నీళ్ళు, టోపీ కూడా. వంతెన కింద నిలబడేవాళ్ళకి టోపీ తప్పనిసరి, ఎందుకో పిల్లలు చాలా సంతోషంగా వివరిస్తారు.